గుండుమీద గుండు

నల్లగొండ జిల్లాకు నైరుతి దిక్కున దేవరకొండ యను పట్టణము కలదు. 14వ శతాబ్దమున రేచర్ల పద్మనాయక ప్రభువులు రెండు శాఖలైరి. అన్నయగు అనపోతానాయకుని వంశమువారు రాచకొండను, తమ్ముడగు మాదానాయకుని వంశమువారు దేవరకొండను ఏలిరి. దేవరకొండ దుర్గము ఏడు కొండలను కలుపుకొని కట్టబడినది. తెలంగాణమున గిరిదుర్గములను కట్టినవారు మిక్కిలి యుక్తిపరులు. గుట్టమీద పెద్ద గుండు అడ్డుపడినచోట దానిని దొర్లింప చూడక, దానినే గోడలో భాగముగా చేసికొనిరి. శత్రువునకు ఫిరంగి యున్నను ఆ గుండును ఏమిచేయగలడు?

దేవరకొండ, రాచకొండ, భువనగిరి, పానుగల్లు, కోయిలకొండ - ఈ సీమ యంతయు గుండ్ల సీమయే. దేవరకొండకు చేరువనున్న గుండ్లపల్లి పేరులోనే గుండ్లు కలవు. బాటసారి తల యెత్తి చూచిన యెడల గుట్టల కొనలయందు గుండుమీద గుండు దొంతివలె పేర్చినట్లు కనబడును. కొన్నిచోట్ల ఏనుగంతటి రాయి, జానెడు చోట మాత్రమే అడుగు మోపి, ఇపుడో మరుక్షణముననో దొర్లునట్లుండును. అయినను దాని నీడలో గొఱ్ఱెల కాపరి నిశ్చింతగా కునుకు తీయుచుండును. ఆ రాయి పడదని అతని తాతకును తెలియును.

ఇంతటి రాతిని అంత యెత్తున ఎవరు పెట్టిరి? ఈ ప్రశ్నకు పల్లెలు తమకు తోచిన సమాధానములు చెప్పుకొన్నవి. అరణ్యవాసము చేయుచు పాండవులు ఈ దారిని వచ్చినపుడు భీమసేనుడు బంతులాడి విడిచిన రాళ్ళని కొందరందురు. రాక్షసుల పని యని మరికొందరందురు. బ్రహ్మదేవుడు లోకమును సృజించిన పిమ్మట మిగిలిన రాళ్ళను ఈ పీఠభూమిపై కుమ్మరించెనట! తుంగభద్రాతీరమున ఆనెగొంది, హంపీ ప్రాంతములయందును ఇట్టి గుండ్లే కలవు. అచ్చటివారు వానిని వాలిసుగ్రీవుల యుద్ధమున ఒకరిపై నొకరు విసరికొన్న రాళ్ళందురు.

ఈ కథలను విని నవ్వుట తగదు. చూచినదానికి కారణము వెదకుటయే శాస్త్రమునకు మొదటి మెట్టు. అయితే ఈ కథలన్నిటియందును ఒక్క పొరపాటు కలదు. రాయి ఎక్కడినుండియో వచ్చి పైన కూర్చున్నదని అవి యన్నియు తలంచినవి. నిజమునకు ఆ రాయి ఎక్కడినుండియు రాలేదు. దాని చుట్టునున్నదే తొలగిపోయినది.

అది యెట్లన - సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట భూగర్భమున మిక్కిలి లోతున కరిగిన శిలాద్రవము మెల్లమెల్లగా చల్లారి గ్రానైట్ అను కఠినశిల యయ్యెను. దానిపైనున్న పొరలు యుగయుగములుగా అరిగిపోగా, బరువు తగ్గిన ఆ శిల నిలువుగను అడ్డముగను పగుళ్ళు వారెను. ఆ పగుళ్ళలోనికి వాననీరు దిగెను. గ్రానైట్‌లోని పలుగురాయి నీటికి లొంగదు గాని, ఫెల్డ్‌స్పార్ అను ఖనిజము నీటివలన క్రమముగా మెత్తని మట్టిగా మారును. ఇట్లు పగుళ్ళ వెంట రాయి కుళ్ళి మొరమగును.

మూలలకే ఈ బాధ యెక్కువ. రాతి ముఖమునకు నీరు ఒక వైపునుండియే తగులును. అంచునకు రెండు వైపుల, మూలకు మూడు వైపుల తగులును. పటికబెల్లపు పలుకును నోట నుంచుకొని చూడుడు. కొంతసేపటికి దాని కోణములు కరగి గుండ్రనగును గదా! పెట్టెవలె పలకలుగా నున్న శిలయు ఇట్లే గుండయ్యెను. ఇదంతయు నేలలోపలనే జరుగును. పిదప వానలకు మొరము కొట్టుకొనిపోగా గుండ్లు బయటపడి, పూర్వమెట్లు ఒకదానిపై నొకటి యున్నవో అట్లే నిలిచిపోయెను. కొట్టుకొనిపోయిన ఆ మొరమే పల్లమున చేరి చెలక నేల యయ్యెను. రైతు జొన్నలు, ఆముదాలు పండించుకొన్నది ఆ గుండ్లు విడిచిన మట్టిలోనే.

పడక నిలుచుటకును కారణము కలదు. రాతి గరిమనాభినుండి గీచిన నిట్టనిలువు రేఖ దాని అడుగుభాగములోనే పడినంతకాలము ఆ రాయి ఒరగదు. దూరమునకు జానెడుగా తోచు అడుగు దగ్గరకు పోయి చూచిన మూరెడో బారెడో యుండుట కద్దు. మహాబలిపురమున ఏటవాలు బండపై సుమారు 250 టన్నుల గుండు కలదు. 1908లో మద్రాసు గవర్నరు ఆర్థర్ లాలీ అది జారి ఊరిమీద పడునేమో యని వెఱచి, ఏడు ఏనుగులచేత లాగింప చూచెనని చెప్పుదురు. గుండు కదలలేదు. జబల్పూరున మదనమహలు కోటకు చేరువనున్న గుండు, 1997 మే 22వ తేదీన భూకంపమునకు ఊరిలో ఇండ్లు కూలినపుడును చెక్కుచెదరలేదు.

గుట్టలపై గుండ్లను మనిషి పెట్టలేదనిన, అతడు రాళ్ళు నిలుపనేలేదని కాదు. పూర్వపు మహబూబునగరు జిల్లాలో, నేటి నారాయణపేట జిల్లాలో, కృష్ణాతీరమున ముడుమాల అను గ్రామము కలదు. అచ్చట ఆదిమానవులు నాటిన నిలువురాళ్ళు పది, పదునాలుగు అడుగుల యెత్తు కలవి. వానిలో ఒకదానిని నేటికిని ఎల్లమ్మతల్లిగా కొలుచుచున్నారు. 2025లో ఆ స్థలము యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కినది.

ఏనుగులకు, భూకంపమునకు లొంగని గుండు మందుగుండునకు లొంగును. రోడ్లకు కంకర కావలెను, ఇండ్లకు నునుపు బండలు కావలెను. రాయి కొట్టి బ్రదుకువారికి కూలి కావలెను. ఏ యొక్కటియు కాదనరాదు. కాని కోట్ల యేండ్లు మలచిన దొంతిని పూటలో పిండిచేసినచో మరల పేర్చగల భీముడు లేడు. హైదరాబాదున గుండ్లు వడివడిగా మాయమగుట చూచి కొందరు 1996లో శిలారక్షణకై సంఘముగా కూడిరి. పల్లెలయందు సంఘము లేకున్నను, భీముని కథయో పోచమ్మ పేరో తగిలించుకొన్న గుండు పలుచోట్ల బ్రదికినది. కొండ కొట్టువారు ప్రక్క రాళ్ళన్నిటికి బెజ్జములు తొలిచి, కుంకుమబొట్టున్న రాయి దగ్గర మాత్రము సుత్తి దించి, దానిని చుట్టి పోవుదురు.