విత్తనపు చీటీకి గడువు

సభ్యులైన రైతు సోదరులు తొలకరికి ముందు విజయవాడ అంగళ్లలో గాని, సంఘపు గిడ్డంగిలో గాని ధ్రువీకృత వరి విత్తనము కొనునపుడు సంచికి కుట్టిన నీలి చీటీని తప్పక చదువవలెనని మనవి చేయుచున్నాము.

మొలక నూటికి 80కి తగ్గదని ఆ చీటీ చెప్పుమాట, పరీక్షించిన నాటినుండి 9 నెలలు మాత్రమే చెల్లును. విత్తనము ప్రాణముగల వస్తువు. తేమవలనను వేడివలనను దాని మొలకశక్తి క్షీణించును. గడువు ముగిసినదానిని మరల పరీక్షింపగా, ప్రమాణమునకు సరిపోయిననే గడువు మరి 6 నెలలు పొడిగింతురు. వర్తకుని నోటిమాట పొడిగింపు కానేరదు.

అనుమానమున్నచో 100 గింజలను తడిగోనెలో చుట్టి, వారము పది దినములకు మొలకలు లెక్కింపుడు. చీటీని, రసీదును కోతవరకు దాచుడు. అవియే మీకు సాక్ష్యము. నారుమడి మొలవనిచో సొమ్మునకు పరిహారము కోరవచ్చును గాని, పోయిన అదను తిరిగి రాదు.