చైనా ఫ్యాక్టరీని నమ్మేదెలా?

హుజూర్‌నగర్ చుట్టుపక్కల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం మీద ఉన్నాయి: సొంతంగా తయారుచేసుకున్న కొత్త ఎలక్ట్రానిక్ వస్తువును బయటి దేశంలో చేయించుకోవడం ఎలా? వాటిలో నాలుగింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: బోరు మోటారును ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్ తయారుచేశాను. మా ఊరి రైతులు కొందరు వాడుతున్నారు, బాగుందంటున్నారు. ఒకేసారి 500 చేయించాలని ఉంది. చైనాలో చవక అంటున్నారు. మంచి ఫ్యాక్టరీని ఎలా పట్టుకోవాలి?
– ఒక పాఠకుడు, హుజూర్‌నగర్

జవాబు: ముందు మీ స్టార్టర్‌ను విప్పి, ఏ భాగం ఎక్కడ దొరుకుతుందో రాసుకోండి. కాంటాక్టర్, ట్రాన్స్‌ఫార్మర్, ఇనుప డబ్బా, వైర్లు హైదరాబాద్‌లోనే రాణిగంజ్, కోఠి గుజరాతీ గల్లీ, బాలానగర్‌లలో దొరుకుతాయి. బరువైన వాటిని ఓడలో తెప్పిస్తే మిగిలేది రవాణా ఖర్చుకే పోతుంది. మీకు చైనా నుంచి నిజంగా కావలసింది సర్క్యూట్ బోర్డు, దాని మీది సిమ్ మాడ్యూల్. బిగింపు ఇక్కడే పెట్టుకోండి.

500 అనేది చైనా ఫ్యాక్టరీలకు చిన్న ఆర్డరు. పెద్ద ఫ్యాక్టరీ ఒప్పుకున్నా మీ పనిని వెనక్కి నెడుతుంది. షెన్‌జెన్‌లో చిన్న ఆర్డర్లు చేసే కంపెనీలు చాలా ఉన్నాయి. జేఎల్‌సీపీసీబీ, పీసీబీవే లాంటివి ఐదు బోర్డులైనా చేసి పంపుతాయి. అంతకన్నా ముందు హైదరాబాద్ రాయదుర్గంలోని టీ-వర్క్స్‌కు వెళ్లండి. నమూనాల తయారీ కోసమే 2023 మార్చిలో ప్రారంభించిన కేంద్రం అది. డ్రాయింగ్‌లో తప్పుంటే అక్కడ దొరికిపోతుంది. చైనాకు వెళ్లాక దొరికితే 500 బోర్డులూ చెత్తే.

సిమ్ మాడ్యూల్ దగ్గర జాగ్రత్త. ఒకే పేరుతో, చివరి అక్షరం మాత్రం మారుతూ దేశానికో రకం ఉంటుంది. మన దగ్గర జియో 4జీ 3, 5, 40 బ్యాండ్ల మీద నడుస్తుంది. ఆ బ్యాండ్లు లేని మాడ్యూల్ షెన్‌జెన్‌లో పనిచేసినా మన పొలంలో జియో సిమ్‌తో మూగబోతుంది. చవకని 2జీ మాడ్యూల్ తీసుకుంటే జియో సిమ్ అసలు పనికిరాదు.

ఫ్యాక్టరీల పేర్లు సేకరించడానికి అలీబాబా వెబ్‌సైట్ చాలు. నేరుగా చూడాలంటే గ్వాంగ్‌జౌలో 1957 నుంచి జరుగుతున్న కాంటన్ ఫెయిర్ ఉంది. ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి మొదలవుతుంది. ఎలక్ట్రానిక్స్ మొదటి విడతలోనే ఉంటాయి. ఆ నెలల్లోనే హాంకాంగ్‌లోనూ ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలు ఉంటాయి కాబట్టి ఒకే ప్రయాణంలో రెండూ చూడొచ్చు.

పేరు దొరికాక బిజినెస్ లైసెన్స్ అడగండి. దాని మీద 18 అంకెలు, అక్షరాల కోడ్ ఉంటుంది. చైనా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఆ కోడ్ కొడితే కంపెనీ ఎప్పుడు పుట్టింది, చేసేది తయారీనా అమ్మకమా అన్నది తెలుస్తుంది. ట్రేడింగ్ కంపెనీ అయినంత మాత్రాన మోసగాళ్లనుకోవద్దు, చిన్న ఆర్డరుకు వాళ్లే నయం కావచ్చు. అయితే ఫ్యాక్టరీ మాదేనని అబద్ధం చెప్పినవాళ్లను మాత్రం అక్కడితో వదిలేయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో దొరికిన ఒక కంపెనీ 30 శాతం అడ్వాన్స్, మిగతా 70 శాతం సరుకు పంపే ముందు ఇమ్మంటోంది. ధర అందరికన్నా చాలా తక్కువ. కానీ డబ్బు వేరే పేరున్న ఖాతాకు వేయమని వాట్సాప్‌లో పంపారు. వేయొచ్చా?
– ఒక పాఠకుడు, కోదాడ

జవాబు: వేయొద్దు. 30–70 పద్ధతి అక్కడ మామూలే, దానికి భయపడనక్కర్లేదు. భయపడాల్సింది ఆ వేరే ఖాతాను చూసి. లైసెన్స్ మీద, ఇన్‌వాయిస్ మీద, బ్యాంకు ఖాతా మీద ఒకే కంపెనీ పేరుండాలి. వ్యక్తి పేరున్నా, ఖాతా ఇంకో దేశంలో ఉన్నా ఆగిపోండి. అంతా సవ్యంగా సాగుతుండగా ‘మా బ్యాంకు మారింది’ అని మెయిల్ వస్తే, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబర్‌కు ఫోన్ చేసి అడగండి. మెయిల్ హ్యాక్ చేసినవాళ్లు సరిగ్గా ఆ సమయంలోనే దూరుతారు. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే మీ బ్యాంకుకు, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అలీబాబాలో ట్రేడ్ అస్యూరెన్స్ రక్షణ కూడా ఆ వేదిక మీదే డబ్బు కట్టినవాళ్లకే వర్తిస్తుంది.

మీ వైపు కాగితాలూ సరిగా ఉండాలి. దిగుమతికి ఐఈసీ (దిగుమతి, ఎగుమతి కోడ్) నంబర్ కావాలి. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ (డీజీఎఫ్‌టీ) వెబ్‌సైట్‌లో పాన్‌తో తీసుకోవచ్చు, ఫీజు 500 రూపాయలు. డబ్బు మీ బ్యాంకు నుంచే వెళ్లాలి. సరుకు దిగాక కస్టమ్స్ బిల్ ఆఫ్ ఎంట్రీ ఆ చెల్లింపుతో సరిపోవాలి. హవాలా మీద పంపుదాం, బిల్లు తక్కువ రాయిద్దాం అనే సలహాదారులు మీకు తప్పక ఎదురవుతారు. ఆ దారిలో వెళ్తే కస్టమ్స్‌కు దొరికిపోవచ్చు, సరుకు చెడితే ఫ్యాక్టరీని అడిగే హక్కూ ఉండదు.

వడ్ల తేమ చూడకుండా ఏ మిల్లరూ లోడు దించుకోడు. ఆ 70 శాతం కూడా అలా చూశాకే వదలండి. మీరు ఒప్పుకున్న నమూనా మీద రెండు వైపులా సంతకాలు చేసి, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. ఏయే పరీక్షలు చేయాలి, వందలో ఎన్ని చెడితే సరుకు వెనక్కి పంపాలి అన్నది ఆర్డరులోనే రాయండి. సరుకు కదలకముందే ఎస్‌జీఎస్, బ్యూరో వెరిటాస్ లాంటి తనిఖీ సంస్థల మనిషి ఫ్యాక్టరీకి వెళ్లి, తనకు నచ్చిన పెట్టె తెరిచి చూస్తాడు. దానికి రోజు లెక్కన ఫీజు ఉంటుంది. దాన్ని దండగనుకోవద్దు.

చైనా కొత్త సంవత్సరం జనవరిలో గానీ ఫిబ్రవరిలో గానీ వస్తుంది. అప్పుడు ఫ్యాక్టరీలు వారాల తరబడి మూతపడతాయి. దానికి ముందు హడావిడిలో చేసిన సరుకును రెండింతలు జాగ్రత్తగా చూడాలి.

ప్రశ్న: రైస్ మిల్లుల కోసం ధాన్యం తేమ కొలిచే కొత్త మీటర్ తయారుచేశాను. డిజైన్ పంపితే అక్కడివాళ్లే కాపీ కొట్టి అమ్ముకుంటారేమో అని భయం.
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: మీ భయం సబబే. ఎవరికీ చూపించకముందే పేటెంట్‌కు ప్రొవిజనల్ దరఖాస్తు వేయండి. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి. ఆన్‌లైన్‌లో వ్యక్తులకు ఫీజు 1,600 రూపాయలు. పూర్తి వివరాలతో దరఖాస్తు చేయడానికి 12 నెలల గడువుంటుంది. అయితే మన పేటెంట్ చైనాలో చెల్లదు. ట్రేడ్‌మార్క్ కూడా అక్కడ ముందు ఎవరు దరఖాస్తు చేస్తే వాళ్లకే దక్కుతుంది. కాబట్టి బ్రాండ్ పేరు అక్కడ కూడా నమోదు చేయించండి.

కాగితం కన్నా గట్టి రక్షణ పనిని ముక్కలు చేయడం. బోర్డు ఒకచోట, సెన్సర్ ఇంకోచోట తీసుకుని, లోపలి ప్రోగ్రామ్‌ను మిర్యాలగూడలోనే ఎక్కించి లాక్ చేయండి. తేమ లెక్కగట్టే తెలివంతా ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది. అది లేని బోర్డును కాపీ కొట్టినా ఉపయోగం లేదు.

ఒప్పందం రాసుకుంటే ‘బయటపెట్టను’ అన్న ఒక్క మాట చాలదు. ‘వాడుకోను, మిమ్మల్ని దాటి మీ కొనుగోలుదారుల దగ్గరికి వెళ్లను’ అని కూడా ఉండాలి. అది చైనా భాషలో, ఫ్యాక్టరీ ఉన్న ఊరి కోర్టు పరిధిలో, కంపెనీ ఎర్ర ముద్రతో ఉంటేనే అక్కడ విలువ. ప్లాస్టిక్ డబ్బా అచ్చుకు డబ్బు మీదైతే అచ్చు కూడా మీదేనని రాయించండి. అచ్చు ఇక్కడే చేయించుకోవాలంటే బాలానగర్‌లో 1968 నుంచి ఉన్న సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌ను అడగండి. మీ మీటర్ కొలతను బట్టి రైతుకు ధర కట్టేటట్లయితే తూనికలు, కొలతల శాఖను కూడా ముందే కలవాలి.

ప్రశ్న: చదువుకునే పిల్లల కోసం బ్లూటూత్ స్పీకర్ ఉన్న చార్జింగ్ ల్యాంప్‌ను మా పేరుతో చేయించాలనుకుంటున్నాను. అనుమతులేమిటి? మొత్తం ఎంత పడుతుంది?
– ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీరు అనుకున్న వస్తువుకే అనుమతులు ఎక్కువమ్మా. చార్జర్ అడాప్టర్, రీచార్జబుల్ బ్యాటరీ, ఎల్‌ఈడీ ల్యాంప్, బ్లూటూత్ స్పీకర్ అన్నీ భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ తప్పనిసరి నమోదు కిందికి వస్తాయి. ఆ నమోదు మీకు ఇవ్వరు, తయారుచేసే ఫ్యాక్టరీకి ఇస్తారు. మన దేశంలో గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో పరీక్ష జరగాలి. అందుకని ఫ్యాక్టరీతో మాట్లాడేటప్పుడు మొదటి ప్రశ్న ఇదే అడగండి: ‘ఇండియా బీఐఎస్ నంబర్ ఉందా?’ ఆర్ అక్షరంతో మొదలయ్యే ఆ నంబర్‌ను బీఐఎస్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు. బ్లూటూత్‌కు కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ ఇచ్చే ఈటీఏ అనుమతి, లిథియం బ్యాటరీ రవాణాకు యూఎన్ 38.3 పరీక్ష రిపోర్టు, దిగుమతిదారుగా మీకు ఈ-వేస్ట్ నమోదు కావాలి. పెట్టె మీద ఎమ్మార్పీ, మీ పేరు, చిరునామా ఉండాలి.

ఖర్చు లెక్క ఇలా వేయండి. సరుకు, రవాణా, బీమా కలిపి లక్ష రూపాయలనుకుందాం. కస్టమ్స్ సుంకం 10 శాతం అనుకుంటే 10,000. దాని మీద సామాజిక సంక్షేమ సర్‌చార్జి పదో వంతు, అంటే 1,000. ఈ మొత్తం 1,11,000 మీద ఐజీఎస్టీ 18 శాతం అయితే 19,980. అంతా కలిపి 1,30,980. జీఎస్టీ నమోదు ఉంటే ఆ 19,980 తర్వాత మీ పన్నులో సర్దుబాటు అవుతుంది. క్లియరింగ్ ఏజెంట్ ఫీజు, సూర్యాపేట దాకా లారీ కిరాయి వేరు. మీ వస్తువు హెచ్ఎస్ కోడ్‌ను (కస్టమ్స్ వర్గీకరణ నంబర్) బట్టి సుంకం మారుతుంది కాబట్టి ఆర్డరుకు ముందే ఏజెంట్‌తో కోడ్ ఖాయం చేసుకోండి. అనుమతి లేని సరుకు రేవులో ఆగితే రోజూ అద్దె పెరుగుతుంది, చివరికి వెనక్కి పంపాల్సి రావచ్చు.

నలుగురికీ కలిపి ఒక మాట. మొదటి ఆర్డరు చిన్నదిగా పెట్టండి, పోయినా తట్టుకోగలిగినంత డబ్బుతోనే. వచ్చిన సరుకును మే నెల ఎండలో, మన ఊళ్ల హెచ్చుతగ్గుల కరెంటు మీద ఒక సీజన్ నడిపి చూడండి. అది నిలబడ్డాకే అప్పుకోసం బ్యాంకు మెట్లెక్కండి.