క్లౌడ్ కోర్సు తర్వాత... ముందు సర్వర్ లెక్క చెయ్యనివ్వండి

విశాఖలో 1500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అప్పట్నుంచి శ్రీకాకుళం, విజయనగరం తల్లిదండ్రులది ఒకటే ప్రశ్న: "మా గుంటణ్ని క్లౌడ్ కోర్సులో ఏసీమంటారేటండి?" వద్దంటే ముఖం మాడ్చుకుంటారు.

ఆ హబ్‌లో ప్రధానమైన డేటా సెంటర్ కట్టినన్నాళ్లూ జనం కావాలి. నడవడం మొదలయ్యాక కావాల్సింది కొద్దిమందే. వాళ్లలోనూ కరెంటు, కూలింగ్ చూసుకునే డిప్లొమా పిల్లలకు చోటుంటుంది. ఈ మాట ఏ కోచింగ్ బ్రోచర్‌లోనూ కనిపించదు.

సర్టిఫికెట్లు పట్టుకొచ్చే పిల్లల్ని నేనడిగేది ఒక్కటే. పెళ్లి వీడియోలు తీసే స్టూడియోకి ఫైల్ సర్వర్ పెట్టాలి, ర్యామ్ ఎంత వేస్తావు? "టెరాబైట్‌కి ఒక జీబీ సార్" అని ఠక్కున చెప్తారు. ఎందుకు అంటే మాత్రం నేల చూపులు. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడేవాళ్లలో పుట్టిన కాకిలెక్క అది, సూత్రం కాదు.

అసలు లెక్క వాడకంతో మొదలవ్వాలి. 8 టీబీ డిస్కులు నాలుగు పెట్టి, రెండు పాడైనా డేటా నిలిచేలా అమర్చితే చేతికొచ్చేది 16 టీబీ. సర్వర్‌లో ర్యామ్ ముఖ్యంగా చేసే పని, పదేపదే అడిగే ఫైళ్లను డిస్కు దాకా వెళ్లకుండా అందించడం. ఎడిటర్లు ముగ్గురు; పెద్ద వీడియోలు వరసగా ఒకసారి చదివి వదిలేస్తారు. గిగాబిట్ కేబుల్ మోసేది సెకనుకు దాదాపు 110 ఎంబీ, ఆ వేగం డిస్కులే ఇవ్వగలవు. 8 జీబీతో నడుస్తుంది, 16 వేస్తే హాయి. 64 వేయడం డబ్బు దండగ. ఆ డబ్బుతో బ్యాకప్ డిస్కు కొని వేరేచోట పెట్టుకోవచ్చు. అదే జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డీడూప్లికేషన్ (ఒకే డేటాను రెండోసారి దాచకుండా చూసే ఏర్పాటు) ఆన్ చేస్తే కథ మారుతుంది. ర్యామ్‌లో ఉంచాల్సిన పట్టికలో ప్రతి బ్లాకుకూ దాదాపు 320 బైట్లు. 64 కేబీ బ్లాకులైతే ఒక్క టెరాబైట్‌కే 5 జీబీ, 16 టీబీ నిండితే 80 జీబీ. వీడియోలకు దాంతో ఒరిగేదీ ఉండదు. ఇలా విడమర్చి చెప్పగల కుర్రాడికి సిస్టమ్ అడ్మిన్ ఇంటర్వ్యూలో భయం అక్కర్లేదు.

ఈ దారికి పదో తరగతి తర్వాత పాలిసెట్‌తో డిప్లొమా, లేదా ఐటీఐ. ఇంటరైతే బీఎస్సీ కంప్యూటర్స్ చాలు.

నాకు ఒళ్లు మండేది 'జాబ్ గ్యారంటీ' బోర్డులు చూసినప్పుడు. ఉద్దానంలో జీడితోట తాకట్టుపెట్టి ఫీజు కడతారు. కోర్సయ్యాక ఇన్‌స్టిట్యూట్ చేతిలో పెట్టేది దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్. కంపెనీ వెరిఫికేషన్‌లో అది బయటపడితే పోయేది పిల్లాడి పేరే, ఇన్‌స్టిట్యూట్‌ది కాదు. 'బ్యాక్‌డోర్' పేరుతో డబ్బడిగేవాళ్లు ఇంకో రకం. తీరా ఉద్యోగం రాకపోతే "నీకోసం తోట పోయింది" అని ఇంట్లో రోజూ దెప్పుతారు. తాకట్టు పెట్టమని ఆ పిల్లాడు అడిగాడా?

పాత డెస్క్‌టాప్ ఒకటి, రెండు డిస్కులు కొనివ్వండి. ఫైల్ సర్వర్ నడిపే ట్రూనాస్ సాఫ్ట్‌వేర్ ఉచితం, కనీసం 8 జీబీ ర్యామ్ అడుగుతుంది. అంత లేకపోతే డెబియన్ లినక్స్‌లో ఫైళ్లు పంచే సాంబా పెట్టుకోమనండి. ర్యామ్ మార్చి మార్చి వేగం కొలిచి నోట్‌బుక్కులో రాసుకోమనండి. ఒక డిస్కు పీకేసి, డేటా వెనక్కి తెచ్చుకోవడం నేర్చుకోమనండి. నెల రోజులపాటు ముందుగదిలో ఆ కేబుళ్లు చిందరవందరగా పడున్నా కసరకండి.