భూమి అదిరిందా, క్వారీ పేలిందా? ఇంట్లోనే కనిపెడదాం

రాత్రిపూట గిన్నెలు గలగలమనగానే వాకిట్లోకి పరుగెత్తి "భూకంపమా, బ్లాస్టింగా?" అని ఒకరినొకరు అడుక్కోవడం ఉదయగిరి వైపు ఊళ్ళకు కొత్త కాదు. 2015 చివర్లో వింజమూరు, వరికుంటపాడు దాకా వచ్చిన చిన్న చిన్న ప్రకంపనలు చాలామందికి గుర్తే. నేల అదురునూ, మన చెవికి అందని ఇన్‌ఫ్రాసౌండ్ అనే గాలి అలలనూ కలిపి పట్టి, ల్యాప్‌టాప్‌లో నేల గీత, గాలి గీతలుగా చూపే యంత్రం ఒకటి పెట్టుకుంటే ఆ ప్రశ్నకు మనమే జవాబు వెతుక్కోవచ్చు.

కావలసినవి

రాస్ప్‌బెర్రీ షేక్ అండ్ బూమ్ పెట్టె, నెట్ కేబుల్, ఇన్వర్టర్ లైను, ల్యాప్‌టాప్.

పద్ధతి

1. కింది అంతస్తులో నేలకు ఆనిన గచ్చు చూసుకుందాం. మేడ వద్దు. అక్కడ ఇల్లు ఊగినా గీత లేస్తుంది.

2. పెట్టెకున్న లెవెల్‌లోని బుడగ నడిమికి వచ్చేదాకా కాళ్ళ మరలు ఒక్కొక్కటే తిప్పుదాం. తర్వాత మూలమూలా వేలితో నొక్కి చూడండి. పెట్టె కదిలితే ఒక కాలు ఆనలేదన్నమాట.

3. కేబుల్ పెట్టి, కరెంటు ఇద్దాం. గడియారం నెట్ నుంచి సమయం తీసుకుందో లేదో చూడండి. లేకపోతే పక్క ఊరి రీడింగుతో పోల్చలేం.

4. పెట్టెకు పదడుగుల దూరంలో ఒకసారి గెంతండి. నేల గీత లేస్తుంది. తలుపు దభీమని వేయండి. గాలి గీత లేస్తుంది. ఈ తేడా కంటికి అలవాటయ్యేదాకా ముందుకు వెళ్ళొద్దు.

5. ఇప్పుడు అసలు పని. భూకంపంలో ముందు చిన్న అల, వెనకే పెద్ద ఊపు వస్తాయి. ఆ రెంటి మధ్య సెకన్లను 8తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం. 5 సెకన్లయితే సుమారు 40 కిలోమీటర్లు. గాలి గీత కదిలినా నేల ఊపుతోపాటే కదులుతుంది. అదే 7 కిలోమీటర్ల దూరంలో క్వారీ పేలితే అదురు ఒకటి రెండు సెకన్లలో చేరుతుంది, గాలి అల 20 సెకన్లకు గానీ రాదు. ఆ ఆలస్యమే మనకు ఆనవాలు.

6. ఒక్క పెట్టె దూరమే చెబుతుంది, దిక్కు చెప్పదు. ఆత్మకూరు, వింజమూరుల్లో స్నేహితులు చెరొకటి పెడితే ఒక్కో పెట్టె చెప్పిన దూరమే వ్యాసార్థంగా మ్యాపు మీద మూడు వృత్తాలు గీయొచ్చు. అవి కలిసే చోట వెతకాలి.

జరిగే పొరపాట్లు

మొదటి వారం నా గీతలో రోజూ తెల్లవారుజామున ఒకే రకం అదురు. తీరా చూస్తే గోడ అవతల బోరు మోటారు! మోటారుకు, రోడ్డుకు దూరంగా పెట్టండి. ఫ్యాన్ గాలి నేరుగా తగిలినా గాలి గీత పనికిరాదు.

ఒక్క గీత చూసి వాట్సాప్‌లో భూకంపమని పెట్టొద్దు. జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్డెక్కుతారు. హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ చెప్పిన సమయంతో సరిపోల్చాకే మాట్లాడదాం.

సాధనకు శ్రీహరికోట రాకెట్ ప్రయోగం మంచిది. ఎగిరిన సమయం రాసుకుని, 8, 9 నిమిషాల తర్వాత ఉదయగిరిలో గాలి గీత చూడండి. గాలివాటు కుదిరితే ఆ అల దొరకొచ్చు.