విశాఖ రేవులో దొరికిన డాల్ఫిన్

డాల్ఫిన్ నీటిలో ఉన్నా చేప కాదు. మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీలుస్తుంది, పిల్లకు పాలిచ్చి పెంచుతుంది. గంగలో ఉన్నట్టు మన కృష్ణలో నది డాల్ఫిన్లు లేవు. అయినా ఈ జీవుల చరిత్రలో తెలుగు తీరానికి చోటుంది.

1852లో విశాఖపట్నం రేవులో ఒక డాల్ఫిన్ దొరికింది. 1845లో అమరావతి స్తూపాన్ని తవ్వించిన వాల్టర్ ఇలియట్ సేకరించిన నమూనాలను పరిశీలించి, రిచర్డ్ ఓవెన్ 1866లో దానిని కొత్త జాతిగా వర్ణించారు. బర్మా నది పేరుతో ఇరావడి డాల్ఫిన్ అని నేడు పిలిచేది దానినే. ఒక్క జీవిని గమనించి భద్రపరచినందుకే లోకానికి ఇంత తెలిసింది.

ఒడిశాలోని చిలికా సరస్సులో ఇవి నూటయాభై వరకు ఉన్నాయి. ప్రపంచవ్యాప్తంగా ఈ జాతి ప్రమాదంలో ఉందని 2017లో అంతర్జాతీయ జాబితాలో చేర్చారు. ముఖ్య కారణం నైలాను వలలు. వలలో చిక్కిన డాల్ఫిన్ గాలి కోసం పైకి రాలేక ఊపిరాడక చనిపోతుంది. కాన్పుకు ఒక్క పిల్లే గనుక ఆ నష్టం త్వరగా పూడదు.

మనం బందరు వెళ్ళి మంగినపూడి తీరాన నిలిచినప్పుడు, ఒడ్డుకు కొట్టుకువచ్చిన డాల్ఫిన్ కనబడితే వెంటనే అటవీశాఖకు తెలుపుదాం. ప్రాణముంటే ఒంటిని తడిగా ఉంచాలి. తలపై ఉండే శ్వాసరంధ్రంలో నీళ్ళు పోయరాదు, తోక పట్టి లాగరాదు. చనిపోయినా పూడ్చేముందు చెబితే, మరణకారణం పరిశోధకులకు తెలుస్తుంది.

మునేరు కృష్ణలో కలుస్తుంది, కృష్ణ సముద్రంలో కలుస్తుంది. నందిగామలో మనం ఏటిలో పారేసే ప్లాస్టిక్ సంచి చేరేదీ అక్కడికే. దాన్ని ఇక్కడే ఆపడం మన చేతిలో పని.