జింకల వేటకు తూటాలు కట్టుకొనుట: గుండును, మందును ఎన్నుకొను విధము

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మొక్కజొన్న, సోయాచిక్కుడు పండించు రైతులకు జింకల వలన కలుగు నష్టము స్వల్పమైనది కాదు. తెల్లతోక జింకలు సందెవేళను, రాత్రివేళను చేలలో దిగి లేతమొలకలను కొరికివేయును. కంకి పాలుపట్టు కాలమున మరల వచ్చును. అచ్చటి రాష్ట్ర ప్రభుత్వములు వేటకు ఋతువు నిర్ణయించి, లైసెన్సు పొందినవారికి అనుమతి నొసగును. పంటకు విశేషనష్టము కలిగినప్పుడు ఋతువు కాని కాలమునందును రైతునకు ప్రత్యేకానుమతి నిచ్చు రాష్ట్రములు పెక్కు కలవు. తెలుగునాటి నుండి పోయి అచ్చట స్థిరపడి, భూములు కొని సేద్యము చేయువారు కొందరు కలరు. అట్టివారికిని, వారి మేలుకోరు ఇచ్చటి బంధువులకును ఉపయోగపడుటకై ఈ కరపత్రము వ్రాయబడినది.

ఆ దేశమున అనేకులు తమ తూటాలను తామే ఇంట కట్టుకొందురు. ఇందువలన కొంత సొమ్ము మిగులును. తన తుపాకికి సరిపడు తూటా లభించును. కాని తెలియక కట్టిన తూటా రెండు విధముల కీడు చేయును. మందు మితిమీరినచో తుపాకి పగిలి కన్నును, చేతిని తీసికొనును. గుండు తగనిదైనచో జింక గాయపడి పారిపోయి, ఏ పొదలోనో దినములతరబడి బాధపడి చచ్చును. ఈ రెండును రాకుండ చూచుకొనుటయే ఈ విద్యకు ప్రయోజనము.

1. తూటాలోని భాగములు

తూటాకు నాలుగు భాగములు: ఇత్తడి గొట్టము, దాని అడుగున నుండు నిప్పుటోపీ, లోపలి మందు, మూతివద్ద అమర్చిన గుండు. ఇత్తడి గొట్టమును ఒకసారి కాల్చిన పిమ్మట బాగుచేసి మరల వాడవచ్చును. తక్కిన మూడును ప్రతిసారి క్రొత్తవి కావలెను.

బరువులను గ్రెయిను అను కొలతతో చెప్పుదురు. ఒక పౌనునకు 7000 గ్రెయినులు. మన పెద్దలెరిగిన తులము సరిగా 180 గ్రెయినులు. కావున 180 గ్రెయినుల గుండు అనగా తులమెత్తు గుండు అని తెలిసికొనవలెను.

2. మొదట గుండు, పిదప మందు

క్రొత్తవారు తరచుగా మందు డబ్బాను ముందు కొని, దానికి గుండు వెదకుదురు. ఇది తలక్రిందుల పద్ధతి. తెలిసిన రైతు నేలను చూచి విత్తనమును, విత్తనమును చూచి ఎరువును నిర్ణయించును. అట్లే జింకను, దూరమును చూచి గుండును, గుండును చూచి మందును నిర్ణయింపవలెను.

టెక్సాసు కొండప్రాంతపు జింక చిన్నది. ఉత్తర రాష్ట్రములలోని పోతుజింక 100 కిలోలకు మించవచ్చును. ఏదియైనను, గుండెయు ఊపిరితిత్తులును ఉండు చోటు సుమారు 8 అంగుళముల వెడల్పు మాత్రమే. ఆ చోట తగిలి, లోపల విచ్చుకొని, తగినంత లోతు పోవు గుండు కావలెను.

1906లో అమెరికా సైన్యము స్వీకరించిన .30-06 స్ప్రింగుఫీల్డు తూటా నేటికిని జింకల వేటలో విస్తారముగా వాడబడుచున్నది. దీనిలో జింకకు 150 మొదలు 180 గ్రెయినుల వరకు గుండ్లు వాడుదురు. 165 గ్రెయినులది మధ్యస్థమై పెక్కుమందికి నచ్చినది. 1952లో వచ్చిన .308 వించెస్టరునకు 150, 165 గ్రెయినులవి చాలును. 1955లో వచ్చిన .243 వించెస్టరు తన్ను తక్కువ; దానికి 100 గ్రెయినుల గుండు జింకకు తగినది. ఆ తుపాకికే దొరకు 55 గ్రెయినుల వంటి తేలిక గుండ్లు చిన్న జంతువులకొరకు చేయబడినవి. అవి జింక పైచర్మమునందే పగిలిపోవచ్చును. కొలరాడో రాష్ట్రమున జింకకు 70 గ్రెయినులకు తక్కువ గుండు వాడరాదని నియమము కలదు.

1895 నాటి .30-30 తూటా వాడు లీవరు తుపాకులలో ఒక విశేషమున్నది. వానిలో పెక్కింటికి తూటాలు గొట్టము క్రింది మరియొక గొట్టములో ఒకదాని వెనుక ఒకటి పడియుండును. సూదిమొన గుండు పెట్టినచో అది ముందున్న తూటా టోపీని తాకి, తుపాకి తన్నినప్పుడు లోపలనే ప్రేల్చవచ్చును. కావున అట్టి తుపాకులకు చదునుమొన గుండ్లను గాని, వానికొరకే చేయబడిన మెత్తని మొన గుండ్లను గాని వాడవలెను.

3. గుండు కట్టుబడి

బరువు ఒక్కటియైనను గుండ్లన్నియు ఒకేతీరున పనిచేయవు. కట్టుబడిని బట్టి వానిని నాలుగు తెగలుగా చెప్పవచ్చును.

మొదటిది, పూర్తిగా రాగితొడుగు గల సైనిక గుండు. ఇది విచ్చుకొనక సన్నని రంధ్రము చేసికొని పోవును. జింక వెంటనే పడదు. పెక్కు రాష్ట్రములు దీనిని జింకల వేటకు నిషేధించినవి.

రెండవది, రాగితొడుగులో సీసము పోసి మొన మెత్తగా విడిచినది. వెల తక్కువ, సాధారణ దూరములలో జింకకు ఇది చాలును. అతివేగముతో ఎముకపై తగిలినచో తునకలగును.

మూడవది, సీసమును తొడుగునకు అతికించినది, లేదా నడుమ అడ్డుగోడ గలది. 1946లో కెనడాలో మూసు అను పెద్దజింకను వేటాడినప్పుడు తన గుండ్లు లోతునకు పోకపోవుటచే జాన్ నోస్లరు అను వేటగాడు ఈ అడ్డుగోడ గుండును కల్పించెను. ముందుభాగము విచ్చుకొనును, వెనుకభాగము చెదరక లోనికి పోవును.

నాలుగవది, సీసము లేక రాగితోనే చేసినది. దీనిని గూర్చి కొంత విరివిగా చెప్పవలసియున్నది.

సీసపు గుండు తగిలినప్పుడు కంటికి కనబడని రేణువులు మాంసములో దూరమువరకు చెదరును. 2008లో ఉత్తర డకోటా రాష్ట్ర ఆరోగ్యశాఖవారు, పేదలకు దానముగా ఇచ్చిన జింకమాంసపు కైమాలో సీసము కనబడినందున దానిని పంచవద్దని తెలిపిరి. విడిచిన ప్రేవులను తిని గద్దలు, కాండారు అను పెద్ద రాబందులు సీసవిషముచే చచ్చుచున్నవి. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుండి వేటకు సీసపు గుండు వాడుక పూర్తిగా నిషేధింపబడినది. ఇంట పిల్లలును గర్భిణులును ఆ మాంసము తినువారైనచో రాగి గుండునే ఎన్నుకొనుట మేలు.

రాగి సీసముకంటె తేలిక. కావున సమానమైన బరువునకు రాగి గుండు పొడవుగా నుండి, ఇత్తడి గొట్టములో మందునకు ఉండవలసిన చోటును కొంత ఆక్రమించును. సీసములో 165 లేక 180 గ్రెయినులు వాడువారు రాగిలో 150తో సరిపెట్టుకొనవచ్చును. సీసపు గుండునకు వ్రాసిన మందు కొలతను రాగి గుండునకు వాడరాదు. దాని పట్టిక వేరు.

4. మందు

నల్లమందు సూరేకారము, బొగ్గు, గంధకముల మిశ్రమము. నేటి రైఫిలు తూటాలకు వాడునది పొగలేని మందు. 1884లో పాల్ వియే అను ఫ్రెంచి రసాయనజ్ఞుడు దీనిని కనుగొనెను. ఈ రెండును ఒకదానికొకటి బదులు కానేరవు. పొగలేని మందును నల్లమందు తుపాకిలో పోసినచో గొట్టము పగులును.

పొగలేని మందులలో ముఖ్యభేదము మండు వేగము. పిస్తోలు మందు త్వరగా మండును. రైఫిలు మందు నెమ్మదిగా మండును. రైఫిలు మందులలోనే పెక్కు అంతరములు కలవు. బరువెక్కిన బండిని ఎడ్లు ఒక్కసారి గుంజినచో కాడి విరుగును. మెల్లగా కదలించి వేగము పెంచినచో బండి సాగును. అట్లే బరువైన గుండు మెల్లగా కదలును గనుక దానివెనుక నెమ్మదిగా మండు మందు కావలెను. త్వరగా మండునది పోసినచో గుండు కదలకమునుపే ఒత్తిడి హద్దు మీరును. తేలిక గుండునకు మిక్కిలి నెమ్మదియైన మందు పోసినచో అది పూర్తిగా మండకమునుపే గుండు వెడలిపోయి, వేగము తగ్గును.

సామాన్యముగా .30-06లో 150 గ్రెయినుల గుండునకు 4895, 4064 అను సంఖ్యలు గల మధ్యవేగపు మందులును, 165, 180 గ్రెయినులకు వానికంటె నెమ్మదియైన 4350 అను సంఖ్య గలదియు ఒప్పును. .308లో 4895, 4064 చక్కగా పనిచేయును. .243లో 100 గ్రెయినుల గుండునకు 4350 తగినది.

ఇచ్చట ఒక ప్రమాదమును గుర్తింపవలెను. ఐ.ఎం.ఆర్. 4350 అనునది వేరు, హెచ్ 4350 అనునది వేరు. 4895 విషయమును అంతే. సంఖ్య ఒక్కటియే యైనను తయారీయు, కొలతయు ఒకటి కావు. డబ్బాపై పేరును అక్షరము, సంఖ్య రెండును కలిపి చదువవలెను.

టెక్సాసు వంటి ఎండప్రాంతములలో వేడికి మందు ఒత్తిడి పెరుగును. శీతకాలమున హద్దుదాక పోసి పరీక్షించిన తూటా వేసవిలో హద్దు దాటవచ్చును. వేడికి అంతగా మారని మందులు ఇప్పుడు దొరకుచున్నవి. అట్టివి కొనుట యుక్తము.

5. కొలత నిర్ణయించుట

ఈ కరపత్రమున మందు కొలతలు ఉద్దేశపూర్వకముగనే ఇవ్వలేదు. గుండు, మందు తయారు చేయువారు పరీక్షించి ప్రచురించు పుస్తకములందలి పట్టికలే ప్రమాణము. స్నేహితుని నోటిమాటను, చేతివ్రాత చీటిని నమ్మరాదు. .30-06 తూటాలో అనుమతింపబడిన గరిష్ఠ ఒత్తిడి చదరపుటంగుళమునకు 60,000 పౌనులు. లారీ చక్రములోని గాలి ఒత్తిడి సుమారు 100 పౌనులని తలచినచో, ముఖము ప్రక్కన ఎంతటి బలమును బంధించుచున్నామో తెలియగలదు.

పట్టికలో తన తూటా, తన గుండు, తన మందు మూడును సరిపోలు వరుసను చూచి, అందలి కనిష్ఠపు కొలతతో ఆరంభింపవలెను. గరిష్ఠము మాత్రమే ఇచ్చినచోట, తయారీదారు వేరుగా చెప్పనియెడల, నూటికి 10 వంతులు తగ్గించి మొదలిడవలెను. కనిష్ఠమునకు దిగువకు పోరాదు. నెమ్మది మందు మరీ తక్కువైనను ప్రమాదమే. అర గ్రెయిను చొప్పున పెంచుచు, ఒక్కొక్క కొలతకు మూడు తూటాలు కట్టి, గురిపలక మీద కాల్చి చూడవలెను.

టోపీ చదునై అంచులు పరచుకొన్నను, బోల్టు ఎత్తుట కష్టమైనను, ఖాళీ గొట్టము లోపల పట్టుకొన్నను ఒత్తిడి మీరినదని అర్థము. వెంటనే మాని, తక్కువ కొలతకు రావలెను. గుంపుగా పడు కొలత దొరకినప్పుడు అచ్చటనే ఆగుట తెలివి. మరికొంత వేగమునకై ఆశపడుటవలన జింకకు తేడా తెలియదు, తుపాకికి తెలియును. గుండు గాని, టోపీ గాని, ఇత్తడి గొట్టము గాని మార్చినచో మరల క్రిందినుండి ఆరంభింపవలెను.

6. పనివేళ జాగ్రత్తలు

బల్లపై ఒక్క మందు డబ్బా మాత్రమే యుండవలెను. పని ముగియగానే మిగిలిన మందును ఆ డబ్బాలోనే పోయవలెను; వేరు సీసాలో పోయరాదు. త్రాసును తెలిసిన తూనికరాయితో ప్రతిసారి సరిచూడవలెను. గుండు అమర్చుటకు ముందు గొట్టములన్నిటిని వరుసగా నిలిపి, దీపముతో లోపల చూచి మందు సమముగా నున్నదా యని కనుగొనవలెను. ఒకదానిలో రెండుమారులు పడుటయు, ఒకదానిలో పడకుండుటయు రెండును అపాయకరమే. కంటికి అద్దములు ధరింపవలెను. పొగ త్రాగుట, మాటలాడుట, త్రాగి పనిచేయుట కూడదు. పుల్లని ఘాటు వాసన గాని, ఎర్రని ధూళి గాని కనబడిన మందు చెడినది, దానిని వాడరాదు. మందును చల్లని చోట, పిల్లలకు అందకుండ తాళము వేసి ఉంచవలెను.

7. చట్టము

అమెరికాలో తన వాడుకకు తూటాలు కట్టుకొనుటకు కేంద్రప్రభుత్వ లైసెన్సు అవసరము లేదు, అమ్ముటకు కావలెను. ఉద్యోగ వీసా మీద నున్నవారికి తుపాకియు తూటాలును ఉంచుకొనుట సామాన్యముగా నేరము. చెల్లుబాటగు వేట లైసెన్సు గలవారికి చట్టమున మినహాయింపు కలదు. వీసాదారులు మొదట న్యాయవాదిని అడుగవలెను.

ఇచ్చటి రైతులు ఈ కరపత్రమును చదివి మోసపోరాదు. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జింకల వేటను నిషేధించినది. కృష్ణజింక ఆ చట్టపు మొదటి షెడ్యూలులో నున్నది. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము లైసెన్సు లేక తూటాలు తయారు చేయుట నేరము. చుక్కల జింక తెలంగాణమునకును, కృష్ణజింక ఆంధ్రప్రదేశమునకును రాష్ట్రజంతువులు. ఇచ్చట పంటకు నష్టము కలిగినచో కంచె, కాపలా, అటవీశాఖకు అర్జీ, ఇవియే మార్గములు.

8. సంగ్రహము

జింకను చూచి గుండు, గుండును చూచి మందు, మందును చూచి పుస్తకము. కనిష్ఠముతో మొదలు, తుపాకి హెచ్చరించిన చోట ఆగుట. బల్లపై ఒకే డబ్బా. ఇంట తినునది ఎవరో తలచి గుండు ఎన్నిక. ఇవి మరువనివాడు తన కన్నును, చేతిని కాపాడుకొనును. పడవలసిన జింకను కూడ వృథాగా బాధింపడు.