నీలికోటు రక్షకభటులు

రెండువందల సంవత్సరములకు పూర్వము ఇంగ్లండు దేశపు రాజధానియగు లండను నగరమున నేడు మన మెఱిగిన పోలీసు దళము లేదు. నగరము చిన్నది కాదు. పదిలక్షలకు మించిన జనము అందు నివసించుచుండిరి. రాత్రివేళ వీధులను కాచుటకు ఒక్కొక్క పేటవారు తమ ఖర్చుతో కావలివాండ్రను నియమించుకొనెడివారు. వారిలో పెక్కుమంది వృద్ధులు. ఒకచేత లాంతరు, ఒకచేత కఱ్ఱ పట్టుకొని, గంటగంటకు వేళ చాటుచు తిరుగుట వారి పని. దొంగలు వారికి భయపడుటకంటె వారే దొంగలకు భయపడుట ఎక్కువయని జనులు పరిహాస మాడెడివారు.

దొంగను పట్టి యిచ్చినవారికి ప్రభుత్వము బహుమానము నిచ్చెడిది. ఆ పద్ధతి యెంత చెడ్డదో జోనతన్ వైల్డు అనువాని కథ వలన తెలియును. పోయిన సొత్తును వెదకి యిప్పించు ఘనుడుగా అతడు నగరమున పేరు పొందెను. సొత్తు పోగొట్టుకొన్నవారు అతని యింటికి పోయి మొరపెట్టుకొనగా, అతడు కొంత సొమ్ము పుచ్చుకొని ఆ వస్తువును తెప్పించి యిచ్చెడివాడు. దానిని దొంగిలించినవారు అతని మనుష్యులే! తన మాట వినని దొంగలను అతడే పట్టి యిచ్చి ఉరికంబ మెక్కించి, ఆ బహుమానమును గూడ అందుకొనెను. తుదకు గుట్టు బయటపడి 1725లో అతనినే ఉరితీసిరి.

దొంగలను పట్టువారు లేని లోటును చట్టము కాఠిన్యముతో పూడ్చుకొనజూచెను. ఇన్నూటికి పైబడిన నేరములకు మరణదండన విధింపవచ్చునని శాసనములు చెప్పుచుండెను. దుకాణమున చిన్న వస్తువును దొంగిలించినను ఉరి తప్పకపోవచ్చును. అయినను దొంగతనములు తగ్గలేదు.

1822లో రాబర్టు పీలు దేశాంతరంగిక వ్యవహారముల మంత్రి యయ్యెను. నగరమంతటికిని ఒకే రక్షకదళ ముండవలెనని ఆయన తలంచెను. కాని ఆ సంవత్సరమే పార్లమెంటు సంఘ మొకటి ఆ ఆలోచనను త్రోసిపుచ్చినది. అట్టి దళము స్వేచ్ఛకు భంగకరమని ఆ సంఘము అభిప్రాయము. పొరుగుదేశమగు ఫ్రాన్సులో పోలీసులు వేగులవారిని పెట్టి ప్రజల మాటలు విని, ప్రభుత్వమునకు చేరవేయుచుండిరి. తమ వీధులలోనికిని అట్టి వేగులవారే వత్తురని ఆంగ్లేయులు భయపడిరి. ఆ భయమును వెఱ్ఱి భయమనరాదు. కఱ్ఱ పట్టిన చేయి ఎవరి పక్షమున లేచునో ముందుగా అడుగుట పౌరుల హక్కు.

పీలు ఏడేండ్లు ఓపికపట్టి 1829లో చట్టమును నెగ్గించుకొనెను. ఆ యేడు సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున క్రొత్త భటులు తొలిసారిగా వీధులలోనికి వచ్చిరి. ప్రజల భయమును మనసునం దుంచుకొనియే వారి వేషమును నిర్ణయించిరి. సైనికుల కోటు ఎఱ్ఱనిది. కావున వీరికి నీలికోటు నిచ్చిరి. శిరస్త్రాణమునకు బదులు పౌరులు ధరించెడి పొడుగుటోపీ. తుపాకి లేదు; కోటు మరుగున దాగియుండు పొట్టి కొయ్యదుడ్డు మాత్రమే ఆయుధము. ప్రతివాని మెడపట్టీమీద సంఖ్య యుండెను. భటుడు తప్పు చేసినచో పౌరుడు ఆ సంఖ్యను గుర్తించి ఫిర్యాదు చేయవచ్చును. దళమునకు అధిపతులుగా రోవన్ అను సైన్యాధికారిని, మేన్ అను న్యాయవాదిని నియమించిరి. నేరము జరిగిన పిమ్మట పట్టుకొనుట కాదు, జరుగకుండ చూచుటయే మొదటి విధియని భటులకు ఇచ్చిన నియమావళిలో ఉన్నది. పీలు రచించినవిగా పోలీసు పాఠశాలలలో బోధించెడి తొమ్మిది సూత్రములు మాత్రము నిజమునకు ఆయన వ్రాసినవి కావు. అవి ఇరువదవ శతాబ్దమున కూర్చబడినవి.

ఆరంభము గొప్పగా లేదు. ఒకటవ సంఖ్య పొందిన భటుడే త్రాగియుండుటచేత తొలినాడే ఉద్యోగము పోగొట్టుకొనెను.

మన దేశమునకు సంబంధించిన సంగతి యొకటి ఇచట చెప్పవలసియున్నది. పీలు అంతకుముందు ఐర్లండులో ఉద్యోగము చేసి, 1814లో అచట వేఱొక దళమును నెలకొల్పెను. ఐర్లండు ఆంగ్లేయుల యేలుబడిలోని దేశము. అచటి దళము క్రమముగా పెరిగి తుపాకులు ధరించి, సైనికులవలె బారకులలో నివసించెడి పోలీసుదళ మయ్యెను. సొంత ప్రజలకొక తీరు, ఏలుబడిలోనివారి కొక తీరు! 1861లో భారతదేశమునకు పోలీసు చట్టము చేసినప్పుడు ఆంగ్లేయులు ఈ ఐర్లండు తీరునే ఎక్కువగా అనుసరించిరి, లండను తీరును కాదు. మన తెలుగు పల్లెలలో అంతకుముందునుండియు తలారి యుండెను. రాత్రి గస్తీ తిరుగుట, కళ్లములను కాచుట, దొంగ అడుగుజాడలు పట్టి పోవుట అతని పనులు. అతడు ఊరివాడు, ఊరిలో ప్రతి గడపయు అతని కెఱుకయే. క్రొత్త పోలీసు మాత్రము ఊరివారి కెఱుకలేని దొరతనపు మనిషిగా వచ్చెను.

లండనులో గూడ తెలియనివాడే తొలుత వచ్చినది. 1833 మే 13వ తేదీన కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ అను చోట పేదవారు తమకును ఓటుహక్కు కావలెనని సభ చేసిరి. పోలీసులు దుడ్డుకఱ్ఱలతో సభపై పడిరి. ఆ కల్లోలములో రాబర్టు కల్లీ అను కానిస్టేబులును ఎవరో కత్తితో పొడిచిరి. అతడు మరణించెను. మరణకారణమును విచారించుటకు ఆ పేటలోని పదునేడుగురు పౌరులతో జ్యూరీని కూర్చిరి. వారందఱు సామాన్య వర్తకులు, గృహస్థులు. చెదరిపొమ్మని ముందుగా హెచ్చరింపకయే పోలీసులు క్రూరముగా ప్రవర్తించిరి గనుక ఇది న్యాయసమ్మతమైన హత్యయని వారు తీర్పు చెప్పిరి! అధికారి యెంత ఒత్తిడి చేసినను మాట మార్చుకొనలేదు. జనులు వారిని జయజయధ్వానములతో సత్కరించిరి, విందులు చేసిరి. విధినిర్వహణమున ప్రాణము విడిచిన యువకునికై కంటతడి పెట్టినవారు మిక్కిలి తక్కువ. అతడు చేసిన నేరమేదియు రుజువు కాలేదు. అతని కోటుపై ప్రజలకుగల అనుమానమే అతనికి శత్రువయ్యెను.

ఆ అనుమానము నెమ్మదిగా తగ్గినది. అందుకు కారణము చట్టములకంటె కాళ్లేయని చెప్పవచ్చును. ప్రతి భటునికి కొన్ని వీధులు ఏర్పరచిరి. అతడు గంటకు రెండున్నర మైళ్ల నడకతో వానిని చుట్టివచ్చెడివాడు. తలుపు గడియ వేయబడినదో లేదో చూచుట, తప్పిపోయిన పిల్లలను ఇల్లు చేర్చుట, మంట కనబడినచో కేకవేయుట—ఇట్టి పనులతో అతని ముఖము పేటవారికి పరిచితమయ్యెను. 1851లో హైడుపార్కున జరిగిన మహాప్రదర్శనమును అరువది లక్షల సందర్శకులు చూచిరి. పెద్ద అల్లరులు జరుగునని భయపడినవారు ఆశ్చర్యపడునట్లు అది ప్రశాంతముగా ముగిసినది.

నూఱేండ్లకు పైగా నిలిచిన ఆ నడక 1960 దశకమున ఆగెను. భటులకు కార్లు, రేడియోలు ఇచ్చిరి. పిలిచిన చోటికి శీఘ్రముగా పోవచ్చునని అధికారులు సంతోషించిరి. శీఘ్రముగా పోవుట నిజమే. కాని కారులో పోవువానికి వీధిలో ఎవరు ఎవరో తెలియదు. వీధివారికి కారులోని వాని ముఖము తెలియదు.

దీని ఫలము దక్షిణ లండనులోని బ్రిక్స్‌టన్ పేటలో బయటపడినది. రెండవ ప్రపంచయుద్ధము తరువాత కరిబియను దీవులనుండి వచ్చిన నల్లజాతివారు అచట పెక్కుమంది స్థిరపడిరి. వారి పిల్లలకు ఉద్యోగములు దొరకుట కష్టముగా నుండెను. పేటలో దోపిడీలు జరుగుచున్న మాటయు నిజమే. 1981 ఏప్రిలులో పోలీసులు మామూలు దుస్తులతో వీధులలో నిలిచి కొలది దినములలోనే తొమ్మిదివందలకు పైగా జనులను ఆపి సోదా చేసిరి. అందు చాలమంది నల్లజాతి యువకులు. ఆపబడినవారిలో అత్యధికులపై ఏ నేరమును మోపలేకపోయిరి. ఈ పని ఆరంభించుటకు ముందు పేటపెద్దలను గాని, ఆ పేటలో నడచి తిరిగెడి తమ కానిస్టేబుళ్లను గాని అధికారులు సంప్రతింపలేదు. ఆ వారాంతమున పేట భగ్గుమన్నది. ఇండ్లు, దుకాణములు, వాహనములు కాలిపోయెను. వందలకొలది పోలీసులు గాయపడిరి.

విచారణ జరిపిన స్కార్మన్ ప్రభువు తన నివేదికలో అల్లరులను సమర్థింపలేదు. కాని పోలీసులు ప్రజలను సంప్రతింపనిదే పేటను కాపాడలేరని స్పష్టముగా చెప్పెను. 1984లో వచ్చిన చట్టము, నేరనివారణమును గుఱించి స్థానికుల అభిప్రాయములు తెలిసికొనుటకు ఏర్పాట్లుండవలెనని విధించెను. 1982లో చెషైరు మండలములోని మాలింగ్టన్ అను గ్రామమున ఇరుగుపొరుగువారు ఒకరి యింటి నొకరు కనిపెట్టుచుండుటకు కావలి సంఘమును స్థాపించుకొనిరి. అట్టివి తరువాత దేశమంతట వెలసెను. 1998 చట్టము పురపాలక సంఘమును గూడ ఇందు భాగస్వామిని చేసెను. ఇది చాల తెలివైన పని. చీకటి సందులో దోపిడీ జరిగినచో దొంగను పట్టువాడు పోలీసే. కాని ఆ సందులో దీపము పెట్టవలసినది పురపాలక సంఘము.

తరువాతి సంవత్సరములలో పేటపేటకును కొలదిమంది పోలీసుల జట్టు నేర్పరచి, ఏ పని ముందు చేయవలెనో చెప్పుమని నివాసులను సభలకు పిలిచిరి. ఘోరనేరములను గుఱించి అడుగుదురని కొందఱు అధికారులు అనుకొనియుందురు. జనులు చెప్పినవి వేఱు. కార్లు మితిమీరిన వేగముతో పోవుచున్నవి, వీధిమూలల చెత్త పడియున్నది, మెట్లదగ్గఱ మత్తుమందు అమ్ముచున్నారు, సాయంకాలము కుఱ్ఱవాండ్రు గుంపుగా నిలిచి కేకలు వేయుచున్నారు—ఇవి వారి మొరలు. పోలీసు లెక్కలలో వీనికి పెద్దస్థానము లేదు. అయినను వృద్ధురాలిని చీకటిపడక ముందే తలుపు వేసికొనునట్లు చేయునవి ఇవియే.

ఇందులోను చిక్కు లేకపోలేదు. సభకు వచ్చువారు సాధారణముగ వయసు మీరినవారు, సొంత ఇల్లు గలవారు. క్రొత్తగా వలస వచ్చినవారును, రాత్రిపూట పనికి పోవువారును రారు. వీధిమూలల నిలిచెడి కుఱ్ఱవాండ్రు అసలే రారు. వారిని గుఱించిన తీర్మానము వారు లేకయే జరుగును. ఆడుకొనుటకు స్థలము లేక వారు అచట నిలుచుచున్నారేమో అడుగువా డుండడు. మంచి అధికారి సభ ముగిసినపిదప ఆ మూలకు కూడ నడచి పోవలెను.

నడచుటకు మనుష్యులు కావలెను. 2010 తరువాత ఖర్చు తగ్గించుటకై ఇంగ్లండు, వేల్సులలో సుమారు ఇరువదివేల పోలీసు ఉద్యోగములను తగ్గించిరి. అధికారులు ముందుగా కుదించినది ఈ పేటల జట్లనే; నడకవలన జరుగక పోయిన నేరములు ఏ లెక్కపుస్తకమునను ఎక్కవు గదా. తప్పు తెలిసికొని 2025 ఏప్రిలులో అచటి ప్రభుత్వము, ప్రతి పేటకును పేరు తెలిసిన పోలీసు ఉండునని మరల మాట యిచ్చెను.

ఐర్లండు తీరును వారసత్వముగా పొందిన మన దేశమునను ఈ మార్గమున కొన్ని ప్రయత్నములు జరిగినవి. కేరళ రాష్ట్రమున 2008లో జనమైత్రి అను పథకము ఆరంభమైనది. అందు బీటు అధికారి తనకు అప్పగించిన ప్రాంతములో ఇంటింటికిని పోయి, ప్రతి కుటుంబములో ఒక్కరినైనను పరిచయము చేసికొనవలెను. ఆంధ్రప్రదేశమున 2019లో గ్రామ, వార్డు సచివాలయములకు మహిళా పోలీసులను నియమించిరి. ఖాకీకోటు తలుపు తట్టినచో ఇంట ఏదో కీడు జరిగినదని అనుకొనుట మనవారికి తరతరములుగా అలవాటు. కావున మొదటిసారి వచ్చిన భటుడు, తాను ఎవరి కొఱకును వెదకుచు రాలేదని గడప బయటనే నిలిచి చెప్పుకొనవలసి వచ్చును.